పులిమేకలో గెలిచే నాయనకు తన పేరు ఎందుకు రావడం లేదు

తమ్ముడూ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థమయ్యేలా ముందు సంగతి క్లుప్తంగా చెబుతా. మీది కందుకూరు వైపు పల్లె. నాయనకు 63 ఏళ్ళు, జీవితమంతా పొగాకు పండించిన మనిషి. నాలుగు నెలల కింద పొద్దున లేవబోతే కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకర పోయింది, మాట ఆగిపోయింది. ఎడమ వైపు మెదడుకు పోయే రక్తనాళం పూడుకుందని స్కాను చూసి చెప్పారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, చెయ్యి మాత్రం లేవడం లేదు. ఏమడిగినా "అదే... అదే" ఒక్కటే వస్తోంది, తన పేరు అడిగినా అంతే. అయితే శనివారం రామాలయంలో భజన మొదలైతే పాట చివరిదాకా పాడుతున్నాడు. కోపమొస్తే తిట్టు గట్టిగా, స్పష్టంగా వస్తోంది. మనవడితో పులిమేక ఆడి గెలుస్తున్నాడు. చుట్టాలేమో "బుర్ర పోయిన మనిషిని అడిగేదేంది, వేలిముద్ర వేయించండి" అంటూ రెండెకరాల అమ్మకానికి తొందర పెడుతున్నారు. పాడగలిగినవాడు మాట్లాడలేడా, నటిస్తున్నాడా, అసలు తెలివి ఉన్నట్టా లేనట్టా అని నీ ప్రశ్న.

నేను డాక్టరును కాను, స్పీచ్ థెరపిస్టును. నెల్లూరులో 22 ఏళ్ళుగా పక్షవాతం తర్వాత మాట పోయినవాళ్ళతోనే నా పని. మందుల సంగతి నాయన్ను చూస్తున్న న్యూరాలజిస్టునే అడుగు. మాట సంగతి, తెలివి సంగతి నేను చెప్పగలను.

నాయన నటించడం లేదు. తెలివి పోలేదు అనడానికి నువ్వు రాసినదాంట్లోనే పెద్ద ఆధారం ఉంది, ఆ పులిమేక. దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు ఆ రోజు మెదడులో ఏం జరిగిందో చూద్దాం.

మెదడు బరువు కిలోన్నర కూడా ఉండదు, 1.3 నుంచి 1.4 కిలోలు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే అయినా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. దానికి సొంత నిల్వలు దాదాపు లేవు. రక్తం నిమిషనిమిషమూ పారుతూ ఉండాల్సిందే. మెదడుకు రెండు వైపులా నడిమి ధమని అని ఒక పెద్ద కాలువ ఉంటుంది. కాలువ ఎక్కడ తెగిందో తెలిస్తే ఏ పొలం ఎండిందో ఊళ్ళో కూర్చుని చెప్పేస్తాం కదా, ఇదీ అంతే. ఎడమ నడిమి ధమని కింద పారే ఆయకట్టులో మూడు ముఖ్యమైన మడులున్నాయి. కుడి ముఖాన్నీ కుడి చేతినీ కదిలించే భాగం ఒకటి. మాటను కూర్చే భాగం ఒకటి. విన్న మాటకు అర్థం తెలిసే భాగం ఒకటి. కాలును కదిలించే భాగం మాత్రం మెదడు లోపలి గోడ వైపు, వేరే ధమని కింద ఉంటుంది. అందుకే నాయనకు కాలు వచ్చింది, చెయ్యి వెనకబడింది. ఎడమ మెదడుకు దెబ్బ తగిలితే కుడి వైపు పడిపోవడం ఎందుకంటే, కదలికల దారులు మెదడు కింది కొసన ఒకదాన్నొకటి దాటి అవతలి వైపుకు పోతాయి.

మాట ఎడమ వైపే ఎందుకు ఉంది? కుడి చేతివాటం ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి మాటను నడిపే పని ఎక్కువగా ఎడమ అర్ధగోళానిదే, అంటే మెదడు ఎడమ సగానిదే. ఎడమ చేతివాటం వాళ్ళలో కూడా దాదాపు 70 శాతం మందికి అంతే.

ఇక "అదే... అదే". ఈ ముక్క చదవగానే నాకు 1861లో పారిస్ దగ్గర బిసేత్ర్ ఆసుపత్రిలో చనిపోయిన లెబోర్న్ అనే మనిషి గుర్తొచ్చాడు. ఆయనకు సుమారు ముప్పై ఏళ్ళప్పుడు మాట పోయింది. అప్పటినుంచి నోట్లోంచి "టాన్, టాన్" తప్ప ఇంకో మాట లేదు, ఆసుపత్రిలో అందరూ ఆయన్ను టాన్ అనే పిలిచేవాళ్ళు. అయితే కోపమొస్తే మాత్రం ఒక తిట్టు వచ్చేది. పాల్ బ్రోకా అనే సర్జన్ ఆయన్ను చూసి, ఎన్నేళ్ళుగా ఇక్కడున్నావని అడిగాడు. లెబోర్న్ చెయ్యి నాలుగుసార్లు పూర్తిగా తెరిచి చూపించి, ఆ పైన ఒక్క వేలు చూపించాడు. 21. అది సరైన లెక్క. మర్నాడు మళ్ళీ అడిగినా అదే జవాబు. ఆ మనిషికి ప్రశ్న తెలుసు, ఏళ్ళ లెక్క తెలుసు, జవాబు చెప్పే దారి వెతుక్కోవడం తెలుసు. మాట ఒక్కటే లేదు. చనిపోయాక బ్రోకా ఆయన మెదడు తీసి చూస్తే ఎడమ వైపు ముందుభాగంలో, కణత పైన, దెబ్బ కనపడింది. ఆ చోటును ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అంటున్నాం.

పదమూడేళ్ళ తర్వాత 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు ఇంకోరకం మనుషుల గురించి రాశాడు. వీళ్ళకు మాట ధారగా వస్తుంది, అందులో అర్థం ఉండదు, ఎదుటివాళ్ళు చెప్పేదీ సరిగ్గా ఎక్కదు. దెబ్బ చెవి వెనక వైపు, కణత భాగం వెనక కొసన. ఆ రెండు చోట్లనూ కలుపుతూ విల్లులా వంగిన నాడీతంతువుల కట్ట ఒకటి ఉంది. మాట ఉండేది ఒక గూట్లో కాదని, చోట్లూ వాటి మధ్య దారులూ కలిస్తేనే మాట అని నిపుణులకు తెలియడానికి చాలా కాలం పట్టింది. లెబోర్న్ మెదడును పారిస్‌లో భద్రంగా ఉంచారు. 2007లో ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే దెబ్బ బ్రోకా చెప్పినదానికంటే చాలా లోతుగా, ఆ దారుల్లోకి కూడా పోయి ఉంది.

మాట పోవడం అంటే నోరు తిరగకపోవడం కాదు. ఇది చాలామందికి తెలియక, "నోటితో రాకపోతే పలక ఇచ్చి రాయమను" అంటారు. మార్కాపురం పలకలు పక్కనే దొరికే జిల్లాలో ఆ సలహా సహజమే. కానీ ఎడమ చేత్తో పలక మీద రాయమంటే నాయన అక్కడా ఆగిపోతాడు, ఎందుకంటే నోటికీ చేతికీ మాటను అందించే చోటే దెబ్బతింది. నోటి కండరాల బలహీనత ఉన్నవాళ్ళు మాట ముద్దగా పలుకుతారు, రాయమంటే రాస్తారు. నాయనకు వచ్చింది అది కాదు. నాయనకు వచ్చిన ఈ మాట జబ్బును అఫేసియా అంటారు. రాయలేకపోతే "చూశావా, చదువు కూడా పోయింది" అని అనొద్దు, ఆయన వింటూనే ఉంటాడు.

భజన సంగతికి వద్దాం. మనం మాట అంటున్నది రెండు రకాల పని. ఒకటి, ఇప్పటికిప్పుడు పదాలు వెతికి, వరసలో పెట్టి, విభక్తి తగిలించి, క్రియను కలిపి కొత్త వాక్యం కట్టడం. "నా పేరు ఫలానా" అన్నదీ ఇందులోకే వస్తుంది. ఎడమ మెదడులోని మాట దారులన్నీ బాగుంటేనే ఇది నడుస్తుంది. రెండోది, వందలసార్లు అని అని గట్టిపడిపోయిన మాట. ఒకటి నుంచి పది అంకెలు, ఆదివారం నుంచి శనివారం దాకా వారాలు, దండకాలు, భజన పాటలు, తిట్లు, "అయ్యో" లాంటివి. వీటిని ముక్కముక్కగా కట్టాల్సిన పని లేదు, ఒక్క కొస అందితే మిగతాది తాడులా లాక్కుంటూ వస్తుంది. ఈ పనిలో కుడి అర్ధగోళానికి, మెదడు లోపల లోతుగా ఉండే బేసల్ గ్యాంగ్లియా అనే ముద్దలకు పెద్ద వాటా ఉంది. రాగాన్ని పట్టుకోవడంలో కుడి వైపుది పెద్ద చెయ్యి. ఆ వైపు నాయనకు రక్తం బాగానే పారుతోంది. తిట్టుకు ఇంకో బలం ఉంది, ఉద్వేగం. కోపం వచ్చే దారి వేరు, అది మాట గేటు దగ్గర ఆగకుండా దూసుకొచ్చేస్తుంది. ఆ తిట్టు నిన్ను అనాలని అన్నది కూడా కాకపోవచ్చు. అన్నాక ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నువ్వు చూసే ఉంటావు. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి దిగులు జబ్బు కూడా వస్తుంది, నాయన తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటుంటే డాక్టరుకు చెప్పు, దానికి మందులున్నాయి.

పాటను వాడి మాట రప్పించే సాధన ఒకటి ఉంది. 1973లో అమెరికాలో బోస్టన్ నిపుణులు దీన్ని తెచ్చారు. రోజూ అవసరమైన చిన్న మాటను రెండు స్వరాల మీద సాగదీసి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ, మనతో కలిసి అనిపిస్తాం. "నీ-ళ్ళు కా-వా-లి". తర్వాత మన గొంతు తగ్గిస్తాం, ఆ తర్వాత రాగం తగ్గిస్తాం. భజన చేసే మనిషి కాబట్టి నాయనకు ఇది నప్పుతుందని నాకు నమ్మకం. అలాగని రామాలయం పాటలు రోజంతా పాడిస్తే మాట వచ్చేస్తుందని చెప్పను. పాడిన పాట పాటగానే మిగులుతుంది. ఆయనకు కావాల్సిన మాటనే తాళంలో పెట్టాలి, రోజూ చెయ్యాలి.

ఇప్పుడు పులిమేక.

మేకలతో ఆడి పులిని కట్టెయ్యాలంటే ఏం కావాలి? పటం మొత్తం కళ్ళ ముందు పెట్టుకోవాలి. నేను ఇక్కడ పెడితే వాడు అక్కడికి దూకుతాడు అని రెండెత్తులు ముందు చూడాలి. చేతికందిన ఎత్తు వేయాలనిపించినా ఆపుకోవాలి. నియమాలు గుర్తుండాలి. ఎదుటివాడి మనసులో ఏముందో అంచనా వెయ్యాలి. దీన్ని కాదని ఇంక దేన్ని తెలివి అంటాం? ఈ పనులు నుదుటి వెనక భాగం, నడినెత్తి వెనక భాగం కలిసి చేస్తాయి, అదీ మెదడుకు రెండు వైపులా. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఎవ్‌లీనా ఫెడొరెంకో అనే శాస్త్రవేత్త మనుషుల మెదళ్ళను స్కానులో చూస్తూ, వాక్యాలు చదివేటప్పుడు పనిచేసే చోట్లూ, లెక్కలు చేసేటప్పుడు, చిక్కు విప్పేటప్పుడు పనిచేసే చోట్లూ పక్కపక్కనే ఉన్నా వేరువేరు అని ఎన్నో పరిశోధనల్లో చూపించారు. ఇంగ్లండులో రోజ్‌మేరీ వార్లీ బృందం 2005లో మాట తీవ్రంగా దెబ్బతిన్న ముగ్గురు మగవాళ్ళ గురించి రాసింది. ఎవరు ఎవర్ని కొట్టారో వాక్యం విని చెప్పలేని ఆ ముగ్గురూ కాగితం మీద తీసివేతలు, బ్రాకెట్ల లెక్కలు సరిగ్గా చేశారు. చిన్నదానిలోంచి పెద్దది తీసేసే లెక్కలో కూడా తడబడలేదు.

నువ్వూ ఇంట్లోనే చూడొచ్చు. నాయన ముందు నాలుగు రకాల పొగాకు ఆకులు పెట్టు. వేలం కేంద్రానికి బేళ్ళు తీసుకెళ్ళే ముందు గ్రేడు కట్టినట్టే ఎడమ చేత్తో తడిమి, రంగు చూసి వేరు చేస్తాడో లేదో చూడు. ఐదు వందల నోటు ఇచ్చి అంగట్లో చిల్లర లెక్క చూసుకోమను. ఇవన్నీ చేస్తే నాకు ఉత్తరం రాసి చెప్పాల్సిన పని లేదు, చుట్టాల ముందు చేయించు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. మాట రానివాళ్ళందరికీ మిగతా తెలివి చెక్కుచెదరకుండా ఉంటుందని అనుకోవద్దు. దెబ్బ పెద్దదైతే ఏకాగ్రత, జ్ఞాపకం కూడా తగ్గుతాయి. అర్థం కావడం కూడా నాయనకు పూర్తిగా బాగుండకపోవచ్చు. మామూలు మాటలు అర్థమవుతాయి, సందర్భం సాయం చేస్తుంది కాబట్టి. "అన్నం తిందాం రా" అంటే కంచం కనపడుతూనే ఉంటుంది. కానీ మన తెలుగులో ఎవరు ఎవర్ని అన్నది 'ని', 'కి' లాంటి చిన్న విభక్తుల మీద ఆధారపడుతుంది. "బాబాయికి అమ్మాలా, బాబాయి దగ్గర కొనాలా" అని గబగబా అడిగితే, ఆ చిన్న ముక్కలే ఆయనకు జారిపోతాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇది రోజూ చూస్తుంటాను. పైగా అఫేసియాలో అవును, కాదు తారుమారవడం మామూలు. తల అడ్డంగా ఊపాలనుకుని నిలువుగా ఊపేస్తారు. మీ నాయన తలూపాడని దాన్ని ఒప్పుదల కింద లెక్కేసుకుంటే పెద్ద పొరపాటు జరిగిపోతుంది.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా మా పనిలో చూస్తాం. కుడి మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళు మాట చక్కగా మాట్లాడతారు, కబుర్లు చెప్తారు. మైపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కంచంలో కుడి సగం అన్నం తిని, ఇంకా ఆకలి వేస్తోందని అడిగేవాడు. ఎడమ సగం అట్టాగే ఉండేది. కంటిచూపు పోయి కాదు, ఎడమ వైపు లోకం ఒకటుందన్న ఎరుకే లేదు. ఆయన్ను ఇంట్లోవాళ్ళు "బాగానే మాట్లాడుతున్నాడు కదా" అని బండి నడపనిచ్చారు. మాట బాగున్న మనిషిని తెలివి పూర్తిగా ఉందని, మాట లేని మనిషిని తెలివి పూర్తిగా పోయిందని లెక్కేస్తాం. రెండూ తప్పే, రెండింటి వల్లా ఇళ్ళల్లో నష్టాలు జరగడం చూశాను.

నేనూ ఒక తప్పు చేశాను, అది చెప్పకుండా ఈ జవాబు రాయలేను. పనిలో చేరిన కొత్తలో సూళ్ళూరుపేట నుంచి ఒకామెను తీసుకొచ్చారు. తెలుగులో బొమ్మల పరీక్ష పెట్టాను, నలభై బొమ్మల్లో మూడే చెప్పింది. అర్థం చేసుకోవడం బాగా తక్కువ అని కాగితం మీద రాసేశాను. రెండో వారం ఆమె చెల్లెలు వచ్చి తమిళంలో ఏదో అంటే నవ్వి, రెండు మాటలు జవాబు చెప్పింది. పుట్టింటి భాష తమిళం. పెళ్ళై వచ్చాక నేర్చుకున్నది తెలుగు. రెండు భాషలున్న మనిషికి దెబ్బ తగిలితే రెండూ సమానంగా పోవాలని లేదు, సమానంగా రావాలనీ లేదు. ఒక్క భాషలో అడిగి ఆమె తెలివి మీద తీర్పు రాశాను. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న, ఇంట్లో చిన్నప్పుడు ఏ భాష అని. రెండు భాషల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు రోగుల్ని పరిశీలించి 2013లో చెప్పింది, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని. చదువురాని వాళ్ళలో కూడా ఈ తేడా కనపడింది. అదే బృందం 2016లో 608 మంది పక్షవాతం రోగుల్లో చూస్తే, ఆలోచనా శక్తి మామూలుగా మిగిలినవాళ్ళు రెండు భాషలవాళ్ళలో 40 శాతం, ఒక్క భాషవాళ్ళలో 20 శాతం. మాట పోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. నా దృష్టిలో ఇది కూడా మాట వేరు, ఆలోచన వేరు అనే చెప్తోంది.

నాలుగు నెలలు దాటింది, ఇంక మాట వస్తుందా? మొదటి మూడు నెలల్లో వేగంగా వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. మెదడులో 8,600 కోట్ల దాకా నాడీకణాలుంటాయి. చచ్చిపోయినవి తిరిగి మొలవవు. కానీ దెబ్బ అంచున మిగిలిన కణాలు, కొంతవరకు కుడి వైపువి, కొత్త దారులు వేసుకుంటాయి. దారి పడాలంటే నడవాలి. వారానికోసారి నా దగ్గర అరగంట కూర్చుంటే సరిపోదు, ఇంట్లో రోజూ గంట కావాలి. నువ్వొక్కడివే కాదు, మనవడు కూడా చెయ్యొచ్చు. గ్లాసు చూపించి "ఇదేంది?" అని పరీక్ష పెట్టొద్దు. "తాగడానికి గ్లా..." అని అందించి ఆగు, పది సెకన్లు ఆగు. మన ఇళ్ళల్లో ఆగడమే కష్టం, ఆయన నోరు తెరిచేలోపే మనమే చెప్పేస్తాం. చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కసారికి ఒక్క సంగతి చెప్పు. ఇంట్లోవాళ్ళ ఫొటోలు, పొలం, పొగాకు ఆరబెట్టే బ్యారన్, మాత్రలు, కాఫీ, బాత్రూము బొమ్మలు ఒక చిన్న పుస్తకంలో అంటించి ఆయన జేబులో పెట్టు.

రెండోసారి రాకుండా బీపీ, షుగరు మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. మళ్ళీ మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. రక్తం అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే. పావురం రక్తం రాయిస్తూ ఆ గంటలు పోగొట్టుకుని వచ్చిన కుటుంబాలు నా దగ్గర లెక్కలేనన్ని.

ఇక రెండెకరాలు. ఇప్పుడు వేలిముద్ర వేయించొద్దు. న్యూరాలజిస్టు దగ్గర, స్పీచ్ థెరపిస్టు దగ్గర నాయన ఎంత అర్థం చేసుకుంటున్నాడో పరీక్ష చేయించి కాగితం తీసుకో. తర్వాత ఆయనకు తీరిక ఉన్న పొద్దుటిపూట, తొందర పెట్టే చుట్టాలు లేనప్పుడు, పొలం ఫొటో, పట్టాదారు పుస్తకం ముందు పెట్టు. రెండు అట్టముక్కలు తీసుకో. ఒకదాని మీద డబ్బుల బొమ్మ, ఒకదాని మీద పొలంలో నాయన నిలబడ్డ ఫొటో. "అమ్ముదాం", "ఉంచుకుందాం", ఒక్కోటి చూపిస్తూ విడివిడిగా చెప్పు. ఏది కావాలో వేలు పెట్టమను. అట్టముక్కలు కుడి ఎడమలు మార్చి మళ్ళీ అడుగు. "ఉంచుకోవద్దా?" అని తిప్పి అడుగు. రెండు రోజులు ఆగి ఇంకోసారి అడుగు. ప్రతిసారీ ఒకే బొమ్మ మీద వేలు పెడితే అది నాయన మాట. వేలు అటూ ఇటూ పోతే అమ్మకం ఆపు, ఇంకో మూడు నెలలు సాధన చేయించి మళ్ళీ అడుగు. ఆయన వేలు పెట్టిన బొమ్మ నీకు నచ్చకపోయినా సరే, దాన్నే ఒప్పుకో.